కాకినాడ రైలు మార్గాల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ నుంచి విశాఖపట్నం వెళ్ళే ప్రధాన రైలు మార్గం సామర్లకోట దాటి పిఠాపురం వైపు సాగిపోతుంది. కాకినాడ వెళ్ళవలసిన బండి మాత్రం సామర్లకోటలో ఆ దారిని వదిలి, సుమారు 15 కిలోమీటర్లు ప్రయాణించి రేవు దగ్గర ఆగుతుంది. ఆ తరువాత పట్టాలు లేవు, ఉప్పుటేరూ సముద్రమూ మాత్రమే ఉన్నాయి. కాకినాడ రైలు చరిత్రలో తలెత్తే ప్రశ్నలు చాలావరకు ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. ఊరివాళ్ళూ, ఊరు వదిలి వెళ్ళినవాళ్ళూ, కొత్తగా వచ్చిన విద్యార్థులూ తరచుగా అడిగే వాటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

కాకినాడకు రైలు ఎప్పుడు వచ్చింది?

1890ల్లో వచ్చింది. కటక్ నుంచి బెజవాడ వరకు తీరం వెంట ఉన్న మార్గాన్ని ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893, 1896 మధ్య దశలవారీగా నిర్మించి ప్రారంభించింది. సామర్లకోట నుంచి కాకినాడ రేవుకు వేసిన శాఖా మార్గం ఆ నిర్మాణంలో భాగమే. అంతకు ముందు 1876-78 కరువులో మద్రాసు రాజధాని అల్లాడిపోయింది. ధాన్యం ఉన్నచోటి నుంచి లేనిచోటికి చేర్చే సాధనం లేక జనం చనిపోయిన ఆ అనుభవం తరువాత, 1880 నాటి కరువు కమిషన్ రైలు మార్గాలను పెద్ద ఎత్తున విస్తరించాలని సిఫారసు చేసింది. తూర్పు తీరపు మార్గం వెనుక మద్రాసునూ కలకత్తానూ కలపాలన్న ఆలోచనతో పాటు ఈ భయం కూడా ఉంది. వరి పండే గోదావరి డెల్టాకూ, ఆ ధాన్యం ఓడ ఎక్కే కాకినాడకూ పట్టాలు పడడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

రైలు రాకముందు ఇక్కడి సరుకులు ఎలా కదిలేవి?

నీటి మీద కదిలేవి. ఈ విషయం తెలియకపోతే కాకినాడ రైలు చరిత్ర సగమే అర్థమవుతుంది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. అక్కడి నుంచి తవ్విన కాలువలు పొలాలకు నీళ్ళివ్వడానికే కాక పడవలు నడవడానికి కూడా పనికివచ్చేలా, లాకులతో సహా, రూపొందాయి. ఆ కాలువల్లో ఒకటి కాకినాడ దాకా వచ్చింది. గట్టు మీద ఇద్దరు ముగ్గురు మనుషులు భుజాన తాడు వేసుకుని ముందుకు వంగి నడుస్తుంటే, వెనక నీళ్ళలో బస్తాలు నిండిన పడవ నెమ్మదిగా కదిలివచ్చే దృశ్యం మా తాతల తరానికి రోజూ కనిపించినదే. లాకు దగ్గర తలుపులు మూసి, నీటిమట్టం సమానమయ్యే వరకు ఆగి, మళ్ళీ తాడు అందుకునేవారు.

కాటన్ దొర రైళ్ళ పక్షం వహించినవాడు కాదు. భారతదేశానికి రైళ్ళ కంటే పడవలు నడిచే కాలువలే చవకైనవనీ, ఎక్కువ మేలు చేస్తాయనీ ఆయన చివరిదాకా వాదించాడు. గోదావరి జిల్లాల వరకు చూస్తే ఆ వాదనలో చాలా నిజం ఉందని మా అభిప్రాయం. రైలు వచ్చిన తరువాత కూడా ధాన్యం, కలప, కొబ్బరికాయల వంటి బరువైన సరుకులు చాలా ఏళ్ళ పాటు కాలువ దారినే వచ్చాయి. ఇక్కడి నుంచి గోదావరి, కృష్ణా కాలువల మీదుగా, బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాటి వెళ్ళగలిగిన జలమార్గం అది. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఉన్నది దాదాపు ఆ పాత దారే.

మరి అంతకు ముందు కాకినాడ రేవుకు ప్రాముఖ్యం ఎలా వచ్చింది?

దక్షిణాన ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుఫాను ఉప్పెనలు దాన్ని తుడిచిపెట్టాయి, నది తెచ్చిన మేట మిగిలిన పని పూర్తి చేసింది. డచ్చివారి స్థావరమైన జగన్నాథపురం 1825లో ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువై ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగినప్పుడు కాకినాడ వ్యాపారం ఒక్కసారిగా పుంజుకుంది. అంటే రైలు వచ్చేనాటికే ఇది కాలువలూ, గిడ్డంగులూ, ఓడలూ ఉన్న ఊరు.

ప్రధాన మార్గాన్ని కాకినాడ మీదుగా ఎందుకు వేయలేదు?

పటం ముందు పెట్టుకుంటే విషయం తేలికగా తెలుస్తుంది. రాజమండ్రి నుంచి విశాఖ వైపు నేరుగా గీత గీస్తే అది సామర్లకోట, పిఠాపురం, తుని మీదుగా పోతుంది. కాకినాడ ఆ గీతకు పక్కగా, సముద్రం వైపు, కాలువలూ ఉప్పుటేర్లూ అల్లుకున్న పల్లపు నేలలో ఉంది. దూరప్రయాణపు మార్గాన్ని మెరక నేల మీద నడిపి, రేవుకు ఒక కొమ్మ వేయడం ఆనాటి ఇంజినీర్లకు సహజమైన పద్ధతి. సరుకుల బండి రేవుకు వెళ్ళి రావడమే ప్రధానంగా ఉన్న రోజుల్లో దాని వల్ల నష్టం కనిపించలేదు. రేవు ప్రాముఖ్యం తగ్గి, ఊరు పెరిగి, మనుషుల ప్రయాణాలు ఎక్కువైన తరువాతనే కొమ్మ చివర ఉండడంలోని కష్టం తెలిసివచ్చింది.

టౌన్, పోర్ట్ అని రెండు స్టేషన్లు ఎందుకు ఉన్నాయి?

శాఖా మార్గం ఊరి గుండా రేవు దాకా సాగింది కాబట్టి. కాకినాడ తీరంలో నీటి లోతు తక్కువగా ఉండడం వల్ల పెద్ద ఓడలు హోప్ ఐలాండు చాటున లంగరు వేసుకుని దూరంగా నిలబడేవి. ఒడ్డు నుంచి నావల మీదా, తరువాతి కాలంలో బార్జీల మీదా సరుకు ఓడ దగ్గరకు చేరేది. కనుక పెట్టెలోని బస్తా ఓడలోకి చేరడానికి రైలు, కూలీ భుజం, నావ అనే మూడు చేతులు మారాలి. ఆ మొదటి మార్పు జరిగే చోటు పోర్ట్ స్టేషన్. ప్రయాణికులకు ఊరి మధ్య స్టేషన్ అవసరమైంది, అది టౌన్ స్టేషన్. దూరప్రాంతాల బండ్లలో కొన్ని ఈనాటికీ పోర్ట్ నుంచే బయలుదేరతాయి కనుక, టిక్కెట్టు మీద ఏ స్టేషన్ పేరు ఉందో చూసుకుని ఇంటి నుంచి కదలడం మంచిది.

‘రంగం’ ప్రయాణాలకూ ఈ రైలుకూ సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం ఉంది, దీన్ని గురించి రాసినవాళ్ళు తక్కువ. రంగం అంటే బర్మాలోని రంగూన్. 19వ శతాబ్దం చివరి నుంచి గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది కూలి పనికి బర్మా వెళ్ళేవారు. ఓడ ఎక్కే రేవుల్లో కాకినాడ ముఖ్యమైనది. పల్లె నుంచి ఏదో ఒక స్టేషనుకు నడిచి, మూడో తరగతి పెట్టెలో సామర్లకోటకు చేరి, అక్కడి నుంచి రేవుకు వచ్చి, నావ మీద ఓడను అందుకుని డెక్కు మీదనే బంగాళాఖాతం దాటేవారు. అక్కడ వరికోతలు, బియ్యం మిల్లులు, రేవులో బరువులు మోసే పని. కొంత కూడబెట్టుకుని కొన్నేళ్ళకు తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళేవారు.

బర్మావాళ్ళు తెలుగువాళ్ళను ‘కొరింగీలు’ అని పిలిచేవారు. ఆ మాట కోరంగి రేవు పేరు నుంచి పుట్టింది. మారిషస్‌లో కూడా తెలుగువారికి ఇదే పేరు ఉండేది. కాకినాడ ఆ రేవుకు వారసురాలైనా, సముద్రం అవతల నిలిచిపోయింది మాత్రం చనిపోయిన రేవు పేరే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన దాడుల్లో చాలామంది ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు ఓడలు దొరకనివాళ్ళు కొండలూ అడవులూ దాటుకుంటూ కాలినడకన తిరిగివచ్చారు. దాంతో కాకినాడ నుంచి రంగం వెళ్ళే రాకపోకలు ఆగిపోయాయి. గోదావరి పల్లెల్లో కొన్ని ఇళ్ళల్లో ఇప్పటికీ ఒక టేకు భోషాణాన్ని చూపించి ‘ఇది రంగం నుంచి వచ్చింది’ అని చెబుతారు. ఆ భోషాణం ఓడ దిగాక రైలెక్కి ఇల్లు చేరిన సామాను.

గోదావరి వంతెన కట్టకముందు రైళ్ళు ఎలా నడిచేవి?

రెండు ముక్కలుగా నడిచేవి. బెజవాడ వైపు నుంచి వచ్చిన ప్రయాణికులు కొవ్వూరులో దిగి, నదిని దాటి, రాజమండ్రిలో మరో బండి ఎక్కేవారు. వాల్టన్ ఇంజినీరుగా కట్టిన పాత వంతెన 1900 ఆగస్టు 30న ప్రారంభమై, అప్పటి మద్రాసు గవర్నరు పేరున హేవలాక్ వంతెన అయింది. 56 స్పాన్లతో రెండున్నర కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ వంతెన మీద దాదాపు నూరేళ్ళు రైళ్ళు నడిచాయి. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన, 1997లో విల్లు ఆకారపు కమానుల వంతెన వచ్చాక దానికి విశ్రాంతి ఇచ్చారు. మద్రాసు వైపు నుంచి కాకినాడ దాకా పెట్టె మారకుండా రావడం సాధ్యమైనది 1900 నాటి ఆ వంతెన వల్లనే.

ఇక్కడ ఎప్పుడైనా మీటరుగేజి ఉండేదా?

మీటరుగేజి అంటే పట్టాల మధ్య ఒక మీటరు ఎడం ఉన్న ఇరుకు మార్గం. సామర్లకోట, కాకినాడ మధ్య అది లేదు, మొదటి నుంచీ వెడల్పాటి బ్రాడ్‌గేజియే. బందరు విషయం వేరు. అక్కడికి 1908 ప్రాంతంలో వచ్చినది మీటరుగేజి మార్గం, దాన్ని తరువాత మార్చవలసి వచ్చింది. రెండు రేవుల చరిత్రనూ కలిపి చెప్పేటప్పుడు ఈ తేడాను మరిచిపోతుంటారు.

1923 కాంగ్రెసు మహాసభకు ప్రతినిధులు రైల్లోనే వచ్చారా?

ఆ రోజుల్లో దేశం నలుమూలల నుంచి అంతమంది ఈ ఊరు చేరగలిగిన దారి రైలే. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన 1923 డిసెంబరు చివరి వారంలో జరిగిన ఆ మహాసభ కాకినాడ పేరును దేశమంతటా వినిపించింది. ఒక శాఖా మార్గం చివర ఉన్న ఊరు అంతటి సభను నిర్వహించగలిగిందంటే, సామర్లకోట నుంచి వేసిన ఆ కొద్దిపాటి పట్టాల విలువ తెలుస్తుంది.

కోటిపల్లి మార్గాన్ని వేసి మళ్ళీ ఎందుకు పీకేశారు?

కాకినాడ నుంచి కరప, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డున ఉన్న కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్ల మార్గం 1928లో ప్రారంభమైంది. దారి పొడవునా వరిచేలు, మధ్యలో పంచారామాలలో ఒకటైన భీమేశ్వరాలయం, చివర సోమేశ్వరాలయమూ గోదావరి రేవూ ఉన్నాయి. సరుకుకూ యాత్రికులకూ సరిపోయే దారి. రేవు దాటితే కోనసీమ.

పన్నెండేళ్ళకే, 1940లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దీన్ని మూసివేసి పట్టాలు తొలగించారు. యుద్ధానికి ఇనుము కావాలి, తక్కువ రాబడి ఉన్న శాఖా మార్గాల పట్టాలే ముందు కంటికి కనిపించాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖతో పాటు కాకినాడ మీద కూడా బాంబులు వేసేనాటికి కోటిపల్లి బండి లేదు.

యుద్ధం ముగిసింది, స్వాతంత్ర్యం వచ్చింది, కానీ పట్టాలు తిరిగి రాలేదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఆ దారి పక్కనే. చిన్నప్పుడు సెలవులకు వెళితే, చేల మధ్య ఎత్తుగా, గడ్డి పట్టి కనిపించే మట్టిదిబ్బను అందరూ ‘రైలుకట్ట’ అనే పిలిచేవారు. దాని మీద పశువులు నడిచేవి, కోతల కాలంలో కుప్పలు ఆరబెట్టేవారు. రైలు చూడని పిల్లలం దాన్ని రైలుకట్ట అని ఎందుకంటారని అడిగితే, తన పెళ్ళి తరువాత ఒకసారి ఆ బండిలో ద్రాక్షారామం వెళ్ళిన సంగతి అమ్మమ్మ చెప్పింది. కిటికీ పక్కన కూర్చుంటే బొగ్గు నలుసు కంట్లో పడిందట, కొంగు కొసను ముడిచి నోటితో ఊది వెచ్చగా అద్దుకున్నానని చెబుతూ ఇప్పుడే జరిగినట్టు కన్ను నలుపుకుంది.

64 ఏళ్ళ తరువాత, 2004లో, ఆ మార్గాన్ని బ్రాడ్‌గేజితో పునరుద్ధరించారు. ఒంటి పెట్టె రైలుబస్సు నడిచింది. అలవాటైన రైలుకు ఉండే పొడవు లేకుండా, చూడడానికి పట్టాల మీద నడిచే బస్సులాగే ఉన్న ఆ బండి ఈ ప్రాంతపు పిల్లలకు చాలాకాలం వింతగా ఉండేది. ఒక్క పెట్టె బండితో మార్గానికి రాబడి రాదు, రాబడి లేదని బండ్లు పెంచరు. కోటిపల్లి మార్గం కష్టం ఇదే. అది నది దాటి ముందుకు వెళితే తప్ప ఈ చిక్కు వీడదని మేము నమ్ముతున్నాము.

కోనసీమ రైలు అంటే ఆ కొనసాగింపేనా?

అవును. కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం వరకు సుమారు 57 కిలోమీటర్ల మార్గం 2000-01లో మంజూరైంది. అమలాపురం నుంచి ఎన్నికై లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి గారు దీనికోసం పట్టుబట్టారు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర జరిగిన హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన మరణించారు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు పాయల మీదా పెద్ద వంతెనలు కట్టవలసి ఉండడం ఈ మార్గంలోని అసలు భారం. మంజూరై రెండు దశాబ్దాలు దాటినా రైలు నడవలేదు. ఇది పూర్తయితే నరసాపురం, భీమవరం వైపు నుంచి కాకినాడకు రెండో దారి ఏర్పడుతుంది, అప్పుడు కాకినాడ కొమ్మ చివరి ఊరుగా ఉండదు.

పిఠాపురం – కాకినాడ మార్గం సంగతి ఏమిటి?

సుమారు 21 కిలోమీటర్ల ఈ మార్గం 1999-2000లో మంజూరైంది. సామర్లకోట నుంచి కాకినాడకు వచ్చిన బండి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళనవసరం లేకుండా, పిఠాపురం దగ్గర మళ్ళీ ప్రధాన మార్గాన్ని కలుసుకోవాలన్నది ఆలోచన. ఇది లేకపోవడం వల్ల హౌరా, భువనేశ్వర్ల వైపు వెళ్ళే బండ్లు కాకినాడను తాకకుండా పోతాయి. 3 లక్షలకు పైగా జనాభా ఉన్న నగరంలో అర్ధరాత్రి సామాను సర్దుకుని, ఆటోలోనో బస్సులోనో సామర్లకోట చేరి, అక్కడ బండి కోసం ఎదురుచూడడం మామూలు సంగతి అయిపోయింది. ముసలివాళ్ళతో, పసిపిల్లలతో ఆ ప్రయాణం చేసిన ఏ కుటుంబాన్ని అడిగినా ఈ 21 కిలోమీటర్ల విలువ చెబుతుంది.

విశాఖ రేవు వల్ల కాకినాడ రైలుకు నష్టం జరిగిందా?

జరిగింది. 1931లో రాయపూర్, విజయనగరం మార్గం పూర్తయి మధ్య పరగణాల సరుకు నేరుగా సముద్రం చేరే దారి ఏర్పడింది. 1933లో విశాఖ హార్బరు ప్రారంభమైంది. అక్కడ ఓడ గట్టును ఆనుకుని నిలబడుతుంది, పట్టాలు దాని పక్కకే వస్తాయి. ఇక్కడ ఓడ కనుచూపు దూరంలో ఆగుతుంది, నావ తప్పదు. లోతట్టు ప్రాంతపు సరుకు సహజంగానే అటు మళ్ళింది. 1990ల చివర కాకినాడలో లోతు రేవు వచ్చి, ఎరువుల కర్మాగారాలూ వంటనూనెల శుద్ధి కేంద్రాలూ పెరిగాక గూడ్సు బండ్లకు మళ్ళీ పని దొరికింది.

టిక్కెట్టు మీద ‘సి.సి.టి.’ అని ఎందుకు ఉంటుంది?

ఆంగ్లేయుల కాలంలో ఈ ఊరి పేరును ‘కోకనాడ’ అని రాసేవారు. కోకనాడ టౌన్ అన్న పేరుకు సి.సి.టి. సంకేతాక్షరాలు. పోర్ట్ స్టేషను సంకేతమైన ‘సి.ఓ.ఏ.’ కూడా ఆ పాత పేరు నుంచి వచ్చినదే. ఊరి పేరు బోర్డు మీద మారింది, సంకేతాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. లింగంపల్లికి వెళ్ళే ఏసీ రైలుకు కోకనాడ ఎక్స్‌ప్రెస్ అన్న పేరు కూడా ఆ జ్ఞాపకమే.

ఈ మార్గం ఎవరెవరి చేతులు మారింది?

ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే నిర్మించిన మార్గంలో వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం 1901లో మద్రాసు రైల్వే చేతికి, 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి వచ్చింది. 1951లో దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాయి. విజయవాడ డివిజన్‌లో ఉన్న కాకినాడ రెండింటిలోనూ ఉంది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించి, 2025 జనవరిలో కేంద్ర కార్యాలయానికి శంకుస్థాపన చేశారు. విజయవాడ డివిజన్‌ను ఆ కొత్త జోన్‌లోకే చేర్చారు.

కాకినాడ పేరుతో గుర్తుండే రైళ్ళు ఏవి?

హైదరాబాదుకు వెళ్ళే గౌతమి, చెన్నై వైపు వెళ్ళే సర్కారు, బెంగళూరుకు వెళ్ళే శేషాద్రి. గౌతమి నది పాయ పేరు, సర్కారు ఒకనాటి ఉత్తర సర్కారుల పేరు, శేషాద్రి తిరుమల కొండ పేరు. సాయంత్రం గౌతమి ఎక్కి పొద్దున్నే సికింద్రాబాదులో దిగి ఉద్యోగానికి వెళ్ళడం, పండుగకు మళ్ళీ అదే బండిలో రావడం రెండు తరాల జీవితంలో భాగమైంది. బండి కదిలే ముందు కిటికీలోంచి కాజాల పొట్లం అందించే చేతులు టౌన్ స్టేషనులో ఇప్పటికీ కనిపిస్తాయి.

2008 ఆగస్టు 1 తెల్లవారకముందు, సికింద్రాబాదు నుంచి కాకినాడ వస్తున్న గౌతమి ఎక్స్‌ప్రెస్ కేసముద్రం దగ్గర మంటల్లో చిక్కుకుంది. 30 మందికి పైగా ప్రయాణికులు నిద్రలోనే ప్రాణాలు కోల్పోయారు. ఆ ఉదయం టౌన్ స్టేషనుకు రావలసిన బండి రాలేదు. తమవాళ్ళు ఏ పెట్టెలో ఎక్కారో చెప్పమని అడుగుతూ కుటుంబాలు ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయిన ఆ రోజును ఈ ఊరు మరిచిపోలేదు.